మైకుగాడి కిడ్నీ

ఫిబ్రవరి 3

ఈ డైరీ మందుల కంపెనీవాళ్లు ఇచ్చింది. అట్టమీద ఒక ముసలి జంట సముద్రం ఒడ్డున పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. వాళ్లకి కిడ్నీ పోయినట్టు లేదు. కడుపు ఎలా ఉందో ఇందులో రోజూ రాసుకోవాలని ఆస్పత్రిలో ప్రశ్నలమ్మాయి చెప్పింది. రాసుకుంటాను. ఆమెకి మాత్రం చూపించను.

నాకు మాటలు తక్కువ. ఊరి బళ్లో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత నీళ్ల ఆఫీసులో రిటైరయ్యేదాకా వాల్వులు తిప్పాను. ఈ వీధికి కాసేపు, ఆ వీధికి కాసేపు. వాల్వు దగ్గర మాట్లాడే పని ఉండదు. నీళ్లు రానివాళ్లు తిడతారు, వచ్చినవాళ్లు పలకరు. మనుషుల గురించి నేను నేర్చుకున్నది ఇంతే. ఇంతకు మించి ఉందని కూడా అనుకోను.

నవంబరులో నాకు కిడ్నీ వేశారు. ఇచ్చింది నా బావమరిది, ఇంటావిడ తమ్ముడు. వేలంపాటలు పాడతాడు. దివాలా తీసిన షాపుల సామాను, ఆఫీసుల్లో పాత బీరువాలు, అలాంటివి. మైకు అక్కర్లేని గొంతు. అందుకే వాణ్ణి మనసులో మైకు అని పిలుచుకుంటాను. పెళ్లి కాలేదు. ఏ పిల్లకైనా చెవులుంటాయి కదా.

కోలుకునేదాకా అక్క దగ్గర ఉంటానని పెట్టె పట్టుకుని వచ్చాడు. కోలుకుని రెండు నెలలయింది. పెట్టె ఇంకా మా హాల్లోనే ఉంది.

రోజూ పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడి, ఏం బావా, నా కిడ్నీ ఎలా ఉంది, అని అడుగుతాడు. నేను ఎలా ఉన్నానని కాదు.

వాడిది కాబట్టి అది కూడా వాగుతుందేమోనని భయపడ్డాను. లేదు. పొత్తికడుపులో కుడివైపు కూర్చుని దాని పని అది చేసుకుంటోంది. ఆ వంశంలో నోరు మూసుకుని పనిచేసేది ఒకటుందని ఇన్నేళ్లకి తెలిసింది.

ఫిబ్రవరి 4

కడుపు ఎలా ఉందో రాయాలి కదా. బాగాలేదు.

ఫిబ్రవరి 9

ఆస్పత్రికి వెళ్లొచ్చాం. కిడ్నీ వేయించుకున్నవాళ్లందరినీ వసారాలో వరసగా కూర్చోబెడతారు. కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉంటాయి. ఒకడు కదిలితే అందరూ ఊగాలి. ఎదురుగా గాజుతొట్టి, అందులో ఒకే చేప. తొట్టి పక్కన ప్రశ్నలమ్మాయి టేబులు.

మందుల వల్ల మా కడుపులు ఎలా ఉంటున్నాయో, బతుకులు ఎలా సాగుతున్నాయో పెద్ద డాక్టర్లు కొలుస్తున్నారట. ఒకటంటే ఇబ్బంది లేనట్టు. ఏడంటే భరించలేనంత. ఆ పిల్ల చెడ్డదేం కాదు. కానీ వచ్చేవాళ్లలో సగం మందికి చెవుడు కాబట్టి అందరితోనూ అరిచే మాట్లాడుతుంది. తాతగారూ, గడిచిన వారంలో కడుపులో గుడగుడలు ఎంత ఇబ్బంది పెట్టాయి, అని వసారా అంతా మోగేలా అడిగింది. చేప కూడా ఇటు తిరిగింది.

పక్క కుర్చీలో మైకు. ఒళ్లంతా చెవులు చేసుకుని వింటున్నాడు.

ఒకటి, అన్నాను.

ఒకటోసారి, అని అరిచి కుర్చీ చెయ్యి మీద చరిచాడు మైకు. వరస వరసంతా నవ్వింది.

గ్యాస్ పోవడం, తాతగారూ? ఒకటి. పలచగా విరేచనం? ఒకటి. అర్జెంటుగా పరిగెత్తాల్సి రావడం? ఒకటి. ప్రతిదానికీ వాడు ఒకటోసారి అంటూనే ఉన్నాడు. ఆఖర్న, చూశావా తల్లీ, మన సరుకు అలాంటిది, కంప్లయింటు రాదు, అన్నాడు.

తరవాత ముఖాల బొమ్మలు చూపించి, మొత్తం మీద మీ జీవితం ఇందులో ఏది అంది. ఏడుపు ముఖం ఆ చివర, నవ్వు ముఖం ఈ చివర. నవ్వుముఖం నా వేలికి దగ్గరగా ఉంది. అది చూపించాను.

నిజం ఇక్కడ రాస్తాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఊదారంగు మాత్ర మింగాలి. అది లోపలికి వెళ్లిన కాసేపటికి కడుపులో బట్టలు పిండుతున్నట్టు ఉంటుంది. ఇంక పరుగే. ఇంట్లో ఎన్ని గదులున్నా నాకు మిగిలింది ఒకటే గది, దానికి లోపల గడియ.

ఆ సంగతి అంతమందిలో ఎలా చెప్పను? పైగా ఒంట్లోంచి కోసి ఇచ్చినవాడు పక్కనే కూర్చుని మీసం తిప్పుతుంటే, నువ్విచ్చిన దానితో నా బతుకు దొడ్లోనే తెల్లారుతోంది అని ఎలా అనను? అంటే ఊరుకుంటాడా? ఆ తొట్టిలో చేప ముందు కూడా పంచాయితీ పెడతాడు.

ఫిబ్రవరి 10

గుడగుడ. ఆ మాట ఎవడు పుట్టించాడో గానీ సరిగ్గా పుట్టించాడు.

ఫిబ్రవరి 17

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పంపుహౌస్‌లో నాతో పనిచేసిన పంపు ఆపరేటరు ఒకడున్నాడు. వాడూ నాలాగే పలకడు. వారానికోసారి బస్సెక్కి వెళ్లి వాడితో చదరంగం ఆడేవాణ్ణి. మోటారు మోతలో ఇద్దరం మాట్లాడకుండా కూర్చుంటాం. నాకు ఈ లోకంలో కావలసింది అంతే. కిడ్నీ పాడయ్యాక మానేశాను. కొత్తది వేశారు కదా, ఇవాళ బయల్దేరాను.

సగం దారిలో కడుపు పిండడం మొదలుపెట్టింది. దిగేలోగానే అయిపోయింది.

పక్కన కూర్చున్న ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగింది. కండక్టరు ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. దిగిపోయి, స్వెట్టరు నడుముకి కట్టుకుని, సందుల్లో పడి ఇంటిదాకా నడిచాను. ఆ వీధులన్నిటికీ ఒకప్పుడు నీళ్లు వదిలింది నేనే.

బాత్రూంలో ప్యాంటు ఉతుక్కుంటుంటే మైకు తలుపు బాది, ఏం బావా, లోపలే కాపురం పెట్టావా, అన్నాడు. ప్యాంటు ఎందుకు ఉతికారని ఇంటావిడ అడిగింది. బురద పడిందన్నాను. వాన పడి నెలయింది. ఆవిడ నావంక చూసి, మీ నోట్లోంచి మాట రావాలంటే రెంచి పెట్టి తిప్పాలి, అని లోపలికి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 18

సాయంత్రం ఊదారంగు మాత్ర నాలుక కింద దాచి సింకులో ఉమ్మేశాను. లోకం ఏమీ తలకిందులు కాలేదు.

ఆ మాత్ర ఎందుకో డాక్టరు మొదట్లోనే చెప్పాడు. లోపల పెట్టింది పరాయిదని ఒంటికి తెలియకూడదట. తెలిస్తే ఒళ్లు దాన్ని తినేస్తుందట. నా ఒంటికి కొత్తగా తెలిసేదేముంది? వాడు పరాయివాడని పెళ్లినాటి నుంచి నాకు తెలుసు.

ఫిబ్రవరి 22

పొద్దుటిది కూడా ఉమ్మేశాను.

ఫిబ్రవరి 26

పంపుహౌస్‌కి వెళ్లాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అటూ ఇటూ చూశాను. ఒకాయన నా కాలు తొక్కాడు, అదీ బాగానే ఉంది. ఆపరేటరు నన్ను చూసి బల్ల తుడిచాడు. రెండు ఆటలు గెలిచాను. వాడు చదరంగం మరిచిపోయాడో, నన్ను చూసి జాలిపడ్డాడో. జాలిపడి ఉంటే వాడి ఖర్మ.

వచ్చేసరికి మైకు ఇంటావిడకి ఏదో బీరువా వేలం కథ చెబుతున్నాడు. చూశావా అక్కా, బావ ముఖంలో ఆ కళ చూశావా, నా కిడ్నీ తిరుగుతోంది బయట, అన్నాడు. వాడితో అనడం కంటే గోడతో అంటే గోడయినా ఆలోచిస్తుంది.

మార్చి 9

ప్రశ్నలమ్మాయి మళ్లీ అడిగింది. అన్నిటికీ ఒకటి. ఈసారి నిజంగానే ఒకటి.

అందరిలోకీ మీవే మంచి మార్కులు తాతగారూ, అని సంబరపడింది. అంతటితో ఆగలేదు. కొత్తగా కిడ్నీ వేయించుకోబోయేవాళ్లు హాల్లో కూర్చుని ఉంటే నన్ను తీసుకెళ్లి ముందు నిలబెట్టింది. ధైర్యం చెప్పమంది. పసుపు ముఖాలు, వాచిన పాదాలు, నా నోటివంక చూస్తూ. బాగుంది, అన్నాను. ఇంకేదో వస్తుందని ఎదురు చూశారు. రాలేదు. మైకు లేచి అందుకున్నాడు. చొక్కా ఎత్తి ఆపరేషన్ గాటు చూపించి మరీ మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. జనానికి గాటు చూపిస్తే చాలు.

ఆ చప్పట్లలో ఉండగానే రక్తం తీశారు.

మార్చి 10, ఉదయం 11

ఆస్పత్రి నుంచి ఫోను. క్రియాటినిన్ ఒకటీ పాయింట్ రెండు ఉండేది, ఒకటీ పాయింట్ తొమ్మిది అయింది. రేపు రమ్మన్నారు. ఆ అంకె పెరిగిందంటే కిడ్నీ తగ్గుతోందని అర్థం. అది తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మార్చి 11

డాక్టరు జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి. రాసేది నాలుగోదానితో. కాయితాలు తిరగేసి, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా పెద్దాయనా, అన్నాడు. తలూపాను. కడుపు అడగబోయి, ప్రశ్నల కాయితంలో నా ఒకట్లన్నీ చూసి, భేషుగ్గా ఉందే, అనుకున్నాడు. నావంక చూడలేదు. కాయితం ఉంటే మనిషిని చూడటం దండగ వీళ్లకి.

తరవాత నాతోనూ కాదు, మైకుతోనూ కాదు, మధ్యలో ఉన్న గోడతో చెప్పాడు. ఇచ్చినాయనకి యాభై ఎనిమిది. ఆ వయసు కిడ్నీ కదా, లోపల ముందే కొంత అరిగి ఉండొచ్చు. సూది పెట్టి చిన్న ముక్క తీసి చూద్దాం. సోమవారం రండి.

వాన పడొచ్చు, పడకపోవచ్చు అన్నట్టు చెప్పాడు.

మైకు నోరు తెరిచాడు. మూశాడు. నేను ముప్ఫై ఏళ్లుగా కోరుకుంటున్నది అదే. ఆటోలో ఇంటిదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. డ్రైవరు రేడియో పెట్టుకున్నాడు.

వాల్వు నా చేతిలోనే ఉంది. నేను తిప్పలేదు.

మార్చి 12

గుమ్మంలోకి ఎవరూ రాలేదు. కాఫీ చల్లారేదాకా చూశాను.

సాయంత్రం మాత్ర మింగాను.

మార్చి 14

మైకు సరిగ్గా తినడం లేదు. తిండి విషయంలో వాడితో పోటీపడేవాళ్లు లేరని ఇంతకాలం తిట్టుకున్నాను. ఇవాళ పళ్లెంలో సగం అన్నం పక్కకి నెట్టి లేచిపోయాడు. ఒరేయ్ తమ్ముడూ, ఏమయిందిరా నీకు, అని ఇంటావిడ అడిగితే, అరగడం లేదక్కా, అన్నాడు. వాడికి! ఇనప గుండ్లు అరిగించుకుంటాడు.

మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చాలాసేపు దుప్పటి పోగులు లాగాడు. తరవాత మెల్లగా చెప్పాడు. వాడికి మెల్లగా మాట్లాడటం వచ్చని నాకు తెలియదు. బావా, జన్మంతా పాత సామాను అమ్మాను, కాలు విరిగిన కుర్చీ అయితే కాలు విరిగిందని చెప్పే పాడాను, ఏ ఒక్కణ్ణీ మోసం చెయ్యలేదు, చివరికి నీకు పనికిరాని సరుకు అంటగట్టాను, అన్నాడు. నాకే తెలియదు బావా, పైకి బాగానే ఉంది, అన్నాడు. వాపసు తీసుకునే వీలుంటే ఇప్పుడే తీసుకునేవాణ్ణి, రెండోది ఇమ్మన్నా ఇస్తాను, అన్నాడు.

ఏడ్చాడు. అంత లావు మనిషి ముక్కు చీదుతుంటే చూడటానికి అసహ్యంగా ఉంటుంది. నా దుప్పటికే తుడుచుకున్నాడు.

కిడ్నీ మంచిదే, నేనే మాత్రలు ఉమ్మేశాను. ఇంతే చెప్పాలి. మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ తుప్పు పట్టి ఉంది. దుప్పటి ఉతకాలి, అన్నాను.

వాడు దుప్పటి తీసుకెళ్లి ఉతికి ఆరేశాడు.

మార్చి 15

రెండు పూటలా మింగుతున్నాను. కడుపు మళ్లీ మొదలుపెట్టింది. రేపు సూది.

మార్చి 16

ఆరు మంచాల గది. నన్ను కిటికీ పక్కన పడుకోబెట్టారు. ఇంటావిడ ఒక పక్క, మైకు స్టూలు మీద ఇంకో పక్క. సూది పెట్టేముందు ప్రశ్నలమ్మాయి వచ్చింది. పడుకున్నవాళ్లని కూడా వదలరు.

తాతగారూ, గడిచిన వారంలో గుడగుడలు?

ఏడు, అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. ఏడంటే భరించలేనంత అన్నమాట తాతగారూ, ఒకటి అంటున్నారా, అని అరిచింది. ఏడు, అని నేనూ అరిచాను. గ్యాస్? ఏడు. విరేచనం? ఏడు. పరిగెత్తడం? ఏడు. ఆరు మంచాలవాళ్లూ తలలెత్తి చూశారు. ఒకడికి ముక్కులో గొట్టం ఉంది, వాడూ చూశాడు.

ఇంక ఆగలేదు. మొదట్నించీ ఏడేనని చెప్పాను. బస్సులో ఏమయిందో చెప్పాను. ఊదారంగు మాత్రలు సింకులో ఉమ్మేశానని చెప్పాను. కిడ్నీ మంచిదే, దాని తప్పేమీ లేదు, తప్పుడు వెధవని నేనని చెప్పాను. అంత పొడుగు మాట నా పెళ్లిలో కూడా మాట్లాడలేదు.

ఇంటావిడ చేతిలో ఫ్లాస్కు మూత అలాగే ఉండిపోయింది. ప్యాంటు ఉతికిన రోజే మీ పీక పట్టుకుని అడగాల్సింది, అంది.

మైకు లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అంటే నా సరుకు మంచిదే, అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. బయటికి వెళ్లిపోయాడు. తలుపు వేసిన చప్పుడుకి మందుసీసాలు గలగలమన్నాయి.

డాక్టరు వచ్చి తిట్టాడు. నన్ను కాదు, కాయితాన్ని. లెక్కలన్నీ పాడయ్యాయన్నాడు. ప్రశ్నలమ్మాయి నా పాత ఒకట్లన్నిటిమీదా గీతలు కొడుతూ, నన్ను ఒక్కసారి పక్కకి పిలిచి చెప్పినా సరిపోయేది కదా తాతగారూ, అంది. ఈసారి అరవలేదు.

కడుపులో కరగకుండా కింద పేగుల్లోకి వెళ్లి కరిగే మాత్ర ఇంకోటి ఉందట. కొందరికి అది పడుతుందట. మార్చి చూద్దాం అన్నాడు డాక్టరు, నాలుగో పెన్నుతో ఒక ముక్క రాసి. ఒక్క ముక్క. దానికోసం నేను వీధులన్నీ తిరిగి నడిచాను.

తరవాత సూది పెట్టారు. మైకు సాయంత్రానికి వచ్చాడు. నాతో మాట్లాడలేదు.

మార్చి 17

నా ఒళ్లు వాణ్ణి కనిపెట్టేసిందట. తినడం మొదలుపెట్టిందట. మూడు రోజులు పెద్ద ఇంజెక్షన్లు.

మార్చి 24

ఇంటికి వచ్చాం. ఒకటీ పాయింట్ అయిదు. ఇంక ఒకటీ పాయింట్ రెండుకి రాదన్నాడు డాక్టరు. నిలబడితే ఇక్కడే నిలబడాలి. కొంత పోయింది, తిరిగి రాదు.

పోయిన ముక్క నాది కాదు. వాడిది.

మైకు గొంతు తిరిగొచ్చింది. నాతో మాత్రం కాదు. హాల్లో కూర్చుని, అక్కా, మీ ఆయనకి చెప్పు, బంగారం లాంటి సరుకుకి చెడ్డపేరు తెచ్చాడని, అంటాడు. నువ్వే చెప్పు, గోడవతలే ఉన్నారు కదా, అంటుంది ఆవిడ. వినపడుతోందిలే, అంటాడు. వినపడుతోంది. మూడో ఇంటివాళ్లకి కూడా వినపడుతోంది.

మార్చి 26

కొత్త మాత్ర. కడుపు నెమ్మదిగా ఉంది. నమ్మను.

మార్చి 29

పొద్దున్న గుమ్మంలో నిలబడ్డాడు. తల దువ్వుకోలేదు.

ఏం బావా, అన్నాడు. ఆగాడు. నీ కడుపు ఎలా ఉంది, అన్నాడు.

కిడ్నీ మాట ఎత్తలేదు.

రెండు, అన్నాను. అది నిజం.

రెండోసారి, అని తలుపు మీద చరిచి వెళ్లిపోయాడు. సున్నం రాలింది.

ఏప్రిల్ 6

ఆస్పత్రిలో ప్రశ్నలమ్మాయి టేబులు వసారాలోంచి తీసి సామాన్ల గదిలో వేశారు. చీపుళ్లు, బకెట్ల మధ్య కూర్చుని ఒక్కొక్కళ్లనే పిలిచి తలుపు వేసుకుని అడుగుతోంది. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రావడానికి చాలాసేపు పడుతోంది. అందరూ ఒకటి అన్నవాళ్లేనట. దొంగలు.

మైకు బయట కూర్చోవాల్సి వచ్చింది. చేపతో మాట్లాడుతున్నాడు.

ఒకటీ పాయింట్ అయిదు. నిలబడింది.

తిరుగు బస్సులో పంపుహౌస్ దగ్గర దిగాను. వద్దన్నా వాడూ దిగాడు. చదరంగం ఆడుతున్నంతసేపూ గుర్రాన్ని ఇటు, బంటుని అటు అంటూ బుర్ర తిన్నాడు. ఆపరేటరు ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది పగలబడి నవ్వాడు. మోటారు మోత వినపడలేదు. ఆట పోయింది.

ఏప్రిల్ 12

మైకు వెళ్లిపోయాడు. ఏదో మిల్లు మూతబడిందట, సామానంతా పాడాలట. హాల్లో పెట్టె ఉన్న చోట గచ్చు మీద నలుచదరంగా మచ్చ ఉంది. ఇంటావిడ తుడిచింది. పోలేదు.

గేటు దగ్గర వెనక్కి తిరిగి, జాగ్రత్త బావా, అమ్మిన సరుకు వాపసు తీసుకోను, అని వీధి వీధంతా వినపడేలా అరిచాడు. ఎదురింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. సిగ్గుతో లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 13, ఉదయం 7

గుమ్మంలో ఎవరూ లేరు.

కడుపు, ఒకటి.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అది ఎంత ఇబ్బంది పెడుతోందంటే, ఆరు. ఏడు వెయ్యను. వాడు ఎప్పుడైనా ఈ డైరీ చూస్తే నెత్తికెక్కి కూర్చుంటాడు.